మూత లేని తొట్టి

ఎనభైయేడు ఎండాకాలంలో మా ఊళ్లో కరెంటు దేవుడిలాంటిది; ఉందని నమ్మడమే తప్ప కంటికి కనపడదు. ఆ రోజు కాలువ ఇంజనీరు సారు వస్తున్నాడని ఎరువుల దుకాణం కాటమయ్య బీరు సీసాలు తెప్పించాడు. హాలియా నుంచి రావలసిన మంచుగడ్డ దారిలోనే నీళ్లయిపోయింది.

కాటమయ్య దిగులు పడలేదు. దుకాణం ముందున్న సిమెంటు తొట్టిలో నీళ్లు పోయించి, యూరియా బస్తా కుమ్మరించి, కట్టెతో కలిపించి, సీసాలు ముంచాడు. కాసేపటికి వాటికి చెమట పట్టింది. సీసా అందుకున్న సారు నోరు తెరిచాడు.

"కరిగేటప్పుడు యూరియా నీళ్లల్ల వేడిని గుంజుకుంటది సారూ, గంతే," అన్నాడు కాటమయ్య, ఆ సంగతిని తానే పుట్టించినట్టు.

తాగడం అయింది, జీపు పోయింది. తొట్టి మాత్రం నిండుగా బాట పక్కన అట్లాగే ఉంది.

పొద్దుగూకే వేళ లాడ్లీ బేగం బర్రె మేత నుంచి మళ్లింది. మొగుడు పోయాక ఆ బర్రె పాలతోనే ఆమె పొయ్యి వెలిగేది. దప్పికగొన్న జీవం చల్లని నీళ్లు చూసి మూతి పెట్టింది. పాపం, తాగనీలే అనుకుంది వెనకే వస్తున్న ఆమె. వాకిలి చేరకముందే బర్రె కాళ్లు వణికాయి, కడుపు ఉబ్బింది, నోట నురగ వచ్చింది. పశువుల డాక్టరు కోసం హాలియా పోయిన మనిషి తిరిగొచ్చేసరికి అది చచ్చిపోయింది.

"జర మూత పెడితే ఏం పోయేది సేటూ?" అంటూ ఆమె దుకాణం ముందు కూలబడింది.

"తొట్టి నాది, జాగా నాది. నీ బర్రెను నేను పిలిచిన్నా?" అన్నాడు కాటమయ్య.

మా కాటమయ్య దయగలవాడు కూడానూ! దుకాణం వెనక బీడులో బర్రెను పూడ్చేటప్పుడు, వాసన తనదాకా రాకూడదని గంపెడు రాతిసున్నం పంపాడు. నీళ్లు పడగానే గుంతలో సున్నం కుతకుత ఉడికి పొగలు కక్కింది. ఆ వేడికి అందరం వెనక్కి జరిగాం. లాడ్లీ బేగం జరగలేదు. ఆవిరి మొహానికి కొడుతుంటే దుకాణం వైపు తిరిగి అరిచింది.

"యూరియా వేడి గుంజుతదని సారుకు చెప్పినవట గదా సేటూ! నా కడుపుల మంట గుంజే బస్తా ఉన్నదా నీ దుకాణంల?"

కాటమయ్యకు వినే తీరిక లేదు. చల్లటి బీరు రుచి మరిగిన సారు మళ్లీ వస్తున్నానని కబురు పెట్టాడు. పనివాళ్లు తొట్టిలో కొత్త యూరియా కలుపుతున్నారు. ఈసారీ మూత లేదు.