బోయా దాకా చూసిన దుర్భిణి

నేను ఒక ఇత్తడి దుర్భిణిని. కలకత్తాలో ఒక ఇరుకు దుకాణంలో పుట్టాను. నా అద్దాలు అరగదీసిన ముసలాయన సముద్రాన్ని ఎన్నడూ చూడలేదట. ఆ సంగతి నాకిప్పటికీ వింతే.

మొదట నన్ను కొన్నది ఒక ఓడ సరంగు. నడిసముద్రంలో నిలబడి నాలోంచి నేల కోసం వెతికేవాడు. ఆయన నుంచి భీమిలి దీపస్తంభం కాపలాదారు ఎల్లాజీకి చేరాను. ఈయన నేల మీద కూర్చుని ఓడల కోసం వెతికేవాడు. మనుషులు తామున్నచోట తప్ప అంతటా చూస్తారని అప్పుడే తెలిసింది. ఎల్లాజీ పోయాక ఆయన కూతురు నూకరత్నం నన్ను దాచుకుంది. నన్ను కదలకుండా పట్టుకోవడం ఊళ్లో ఆమెకొక్కదానికే వచ్చు.

అందుకే ఆ ఏడు పాత తెరచాప పడవల పందెం పెట్టినప్పుడు, దూరంగా మలుపు గుర్తుగా తేలే ఎర్ర బోయాను పడవలన్నీ చుట్టి వస్తున్నాయో లేదో చూసే పని ఆమెకు అప్పగించారు. "ఆవిడ పెనిమిటి కూడా పందెంలో ఉన్నాడు కదండీ" అని ఎవరో నసిగారు. పందెం పెద్ద భూషణంగారు, "ఆ అమ్మాయి చూపు మీద నాకు నమ్మకం" అని తేల్చేశారు.

పదకొండు పడవలు ఒక్కసారిగా గాలి నింపుకున్నాయి. తెల్ల చాపలు, కావిరంగు చాపలు, అతుకుల చాపలు. ఏది ముందుకొస్తుందా అని నేనూ ఆత్రంగా చూశాను. నూకరత్నం భర్త కాసులుది తాతల నాటి పడవ. రెండేళ్లు కష్టపడి పలక పలకా మార్చి దాన్ని నిలబెట్టాడు. తెరచాప మాత్రం చివికిపోయింది. గెలిచిన పడవకు కొత్త తెరచాప ఇస్తామన్నారు.

కాసులు అందరికన్నా ముందు బోయా దగ్గరికి చేరాడు. సరిగ్గా అక్కడే గాలి పడిపోయింది. వెనకనే పేరయ్య పడవ వచ్చేస్తోంది. కాసులు ఒకసారి వెనక్కి చూసి, బోయాకు ఇవతలే చుక్కాని తిప్పేశాడు.

నా అద్దంలో కాసులు చెదిరిపోయి మళ్లీ కుదురుకున్నాడు.

కాసులు పడవే ముందు ఒడ్డుకు తాకింది. డప్పులు మోగాయి. భూషణంగారు వచ్చి, "బోయా సంగతేమిటమ్మా?" అని అడిగారు.

రత్నం నన్ను కంటి నుంచి దించింది. తర్వాత, "పేరయ్య సుట్టొచ్చినాడు బాబూ. మా ఆయన సుట్టనేదు" అంది.

డప్పులు ఆగిపోయాయి. కాసులు తడిబట్టలతో ఇసకలో పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చాడు.

"కట్టుకున్నదానివి, నువ్వే సెప్పాలేటే?"

"నన్నే కదా సూడమన్నారు. సూసినాను."

కాసులు నన్ను ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. సముద్రంలోకి విసిరేస్తాడనుకున్నాను. విసరలేదు. కంటికి ఆనించుకుని బోయా వైపు తిప్పాడు. అతను నాలోంచి చూడటం అదే మొదలు. బోయా మీద వాలిన తెల్లపిట్ట రెక్కలు దులుపుకుంటోంది.

"ఇంత దగ్గిరగా కనిపిస్తాదేటే?"

"నువ్వు ఎనక్కి సూసినప్పుడు నీ మొకం కూడా కనిపించింది."

కాసులు నన్ను నెమ్మదిగా దించాడు. నేరుగా వెళ్లి, కొత్త తెరచాప చుట్టను తానే పేరయ్య భుజానికెత్తాడు.

సాయంత్రం మొగుడూ పెళ్లాలు ఇసకలో కూర్చుని చివికిన చాపకు అతుకు వేస్తున్నారు. అతను గుడ్డ బిగించి పట్టుకుంటే ఆమె కుడుతోంది. సూది ఏడెనిమిది సార్లు దిగి లేచాక కాసులు తలెత్తకుండానే అన్నాడు:

"ఒచ్చే ఏడు కూడా నువ్వే సూడు."