కింద డ్యూటీలో ఉన్నవాళ్ళు

అప్పలకొండకు శుభ్రత పిచ్చి. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్సులో ముప్పై రెండేళ్ళు కాపురం చేసినన్నాళ్ళూ రోజూ లెట్రిన్‌లో యాసిడ్ పోసి, ఆపైన ఫినాయిల్ చల్లి, వీధి చివరిదాకా ఘాటు కొట్టించేది. పోసిందంతా రైల్వే కాలువలో పడి ఎటో పోయేది. ఎటు పోయేదో ఆమె ఏనాడూ అడగలేదు.

భర్త నూకరాజు వర్క్‌షాపులో రిటైరై తాల్‌బగీచా పేటలో సెప్టిక్ ట్యాంకుతో ఇల్లు కట్టాక యాసిడ్ సీసా ఇంకాస్త పెద్దదైంది. సొంతిల్లు కదా మరి! ఏడాది తిరిగేసరికి లెట్రిన్‌లో నీళ్ళు దిగడం మానేశాయి. సరిగ్గా అప్పుడే కూతురు మీనాకుమారి పురిటికి రావాలి. పది రోజుల్లో బాగవకపోతే అత్తారింట్లోనే ఉండిపోతానని ఫోనులో చెప్పేసింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగకపోతే నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలి? ఆ దిగులుకొద్దీ అప్పలకొండ మరో సీసా యాసిడ్ పోసింది.

సెప్టిక్ ట్యాంకులు బాగుచేసే క్రిస్టోఫర్ వచ్చి పెరట్లో ట్యాంకు మూత తీశాడు. గాలి మంచిది కాదని అందర్నీ దూరం జరగమన్నాడు. పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి లోపలికి దించి తీస్తే, గుడ్డ దాదాపు పైదాకా నల్లబడింది. ట్యాంకు నిండా మడ్డే.

"అమ్మా, దీన్లో ఏటి పోస్తన్నారు?"

"యాసిడ్ బాబూ. ఒక్కరోజైనా మానినానా?" అంది అప్పలకొండ గర్వంగా.

క్రిస్టోఫర్ నెత్తి కొట్టుకున్నాడు. "కిందున్నోళ్ళని సంపేసినారమ్మా!"

అప్పలకొండ ఒక్క అడుగు వెనక్కేసింది. "ఎవుల్ని?"

"కంటికి కనబడని పురుగులమ్మా, కోట్లలో ఉంటాయి. మనం ఒదిలిందంతా తిని నీళ్ళు సేసేది అవే. మీరు రోజూ ఇషం పోస్తే ఎలా బతుకుతాయి?"

ట్యాంకర్ బండి తెప్పించి, పైపు వేసి మడ్డి లాగించాడు కానీ, అడుగున కొంచెం వదిలేశాడు. అదీ తీసెయ్యమంది అప్పలకొండ.

"పెరుగు గిన్నె మొత్తం కడిగేస్తే రేపు పాలు దేంతో తోడెడతారమ్మా?"

అప్పలకొండ వంటింటి వైపు చూసింది. అత్తగారు శ్రీకాకుళం నుంచి తెచ్చిన తోడు ఇప్పటికీ ఆమె వంటింట్లో బతికే ఉంది.

ఇక యాసిడ్ లేదు, ఫినాయిల్ లేదు. బ్రష్షూ నీళ్ళూ మాత్రమే. చేతులు దురద పెట్టేవి. రోజూ ఆ మూత దగ్గరికెళ్ళి నిలబడేది.

"ఏటండీ, ఆళ్ళకి డ్యూటీ దిగడం ఉండదా?"

"ఉండదే. మూడు షిఫ్టులూ ఆళ్ళే," అన్నాడు నూకరాజు. నలభై ఏళ్ళు సైరన్ విని పరిగెత్తినవాడు, తనూ వచ్చి ఆ మూత పక్కన నిలబడ్డాడు.

తొమ్మిదో రోజు క్రిస్టోఫర్ మళ్ళీ వచ్చి మూత తీసి, దూరం నుంచే టార్చి కొట్టి చూపించాడు. నల్లటి నీటి మీద సన్నసన్న బుడగలు లేస్తున్నాయి, ఒకటి పగిలేలోగా ఇంకొకటి. "బతికినారమ్మా. ఠీక్ హై, అమ్మాయిని రమ్మనండి."

అప్పలకొండ ఉన్నచోటే మునివేళ్ళ మీద లేచి చూసింది. జీతం బత్తెం లేకుండా, మొహం చూపించకుండా, తను చీదరించుకున్నదంతా నెత్తినేసుకున్నారే! ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

మర్నాడు మీనాకుమారి నిండు పొట్టతో దిగింది. బాత్‌రూంలో అడుగుపెట్టి ముక్కు ఎగబీల్చింది. "ఫినాయిల్ వాసనేదమ్మా? కడగలేదేటి?" అంటూ, తల్లి పెంపకమే కదా, అలమరలో మిగిలిపోయిన యాసిడ్ సీసా అందుకుంది.

అప్పలకొండ పరుగున వచ్చి సీసా లాగేసుకుంది. "ముట్టకే! నిన్ను పుట్టింటికి తెచ్చింది ఆళ్ళే."