మస్తాన్ తొమ్మిదో సున్నా

సౌదీలోని రాస్ తనూరా క్యాంపు మైదానంలో ఆ శుక్రవారం మ్యాచ్‌కి, ఎవడికి పుట్టిన బుద్ధో గానీ, పందొమ్మిదో శతాబ్దపు అమెరికా బేస్‌బాల్ రూల్స్ పెట్టారు. చేతికి గ్లవ్ ఉండదు. బంతి విసరడం మొదలుపెట్టినవాడే చివరిదాకా విసరాలి. దెబ్బ తగిలితే తప్ప మనిషిని మార్చకూడదు. ఒక్క పరుగూ ఇవ్వకుండా ముగిస్తే దాన్ని షటవుట్ అంటారు. అలా ముగించినవాడు స్కోరుబోర్డు మీద తన పేరు తనే రాసుకోవచ్చు.

కడప వెల్డర్ మస్తాన్ ఎనిమిది ఇన్నింగ్స్ విసిరాడు. ఎనిమిదీ సున్నాలే. ఇంకొక్కటి మిగిలింది; అందులో ముగ్గుర్ని అవుట్ చేస్తే ఆట అయిపోతుంది. తన జట్టు రెండు పరుగులు ముందుంది.

సరిగ్గా అప్పుడు వచ్చాడు కెప్టెన్ ఇమ్రాన్. హైదరాబాదువాడు, క్యాంపు ఆఫీసులో సెలవు కాగితాలు చూస్తాడు.

"తమ్మీ, చెయ్యి గుంజుతుందని అంపైర్‌కు చెప్పు. ఆఖరుది నేనేస్త. మేనేజర్ సాబ్ చూస్తుండు."

"నా చెయ్యి బాగనే ఉండాది భాయ్."

"నీ ఎగ్జిట్ రీఎంట్రీ నా టేబుల్ మీదనే ఉంది. యాదుంచుకో."

మస్తాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడు నెలల కూతుర్ని ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఊరెళ్ళి రావడానికి కావలసిన ఆ కాగితాన్ని ఆట మధ్యలో బయటికి తీస్తాడా వీడు? ఛీ, సిగ్గూ శరమూ ఉండక్కర్లేదా?

"నేనే ఏస్తా. పో."

వరసగా ఇద్దర్ని అవుట్ చేశాడు. మూడోవాడు కొట్టిన బంతి నేరుగా మస్తాన్ మీదికే దూసుకొచ్చింది. వట్టి చేత్తో ఆపబోతే కుడిచేతి ఉంగరపు వేలు కలుక్కుమంది. బంతి జారిపోయింది, వాడు అవుట్ కాకుండా మొదటి బేస్ చేరాడు. ఇమ్రాన్ సంబరంగా పరిగెత్తుకొచ్చాడు.

"దెబ్బ తాకింది సార్! మార్చాలె!"

"నొప్పి ఉందా?" అంపైర్ మస్తాన్‌నే అడిగాడు.

ప్రాణం పోతోంది. "లేదు సార్" అన్నాడు, చెయ్యి వెనక దాచుకుని.

తర్వాతివాడికి మూడు బంతులు విసిరాడు. ప్రతి బంతికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రతిదాన్నీ ఇమ్రాన్ ముఖానికేసి కొడుతున్నట్టే విసిరాడు. వాడు మూడుసార్లు బ్యాటు ఊపినా ఒక్కటీ తగల్లేదు; మూడో అవుట్ పడింది.

ఆట ముగిసింది. వంకాయలా ఉబ్బిన వేలు చూసి ఇమ్రాన్ గుడ్లురిమాడు. "నొప్పి లేదంటివి గదరా!"

"నువ్వు చెప్పమన్నప్పుడు లేదు భాయ్. ఇప్పుడుండాది. నా లీవు కాగితం మీద రాసుకో పో."

కుడిచేతిలో సుద్దముక్క నిలవలేదు. ఎడమచేత్తో, వంకరటింకరగా, తొమ్మిదో సున్నా చుట్టి, దాని పక్కన తన పేరు రాసుకున్నాడు.