రెండు ఏడో నంబర్లు

అక్క పోయిన తొమ్మిదో రోజున అంకెల మాస్టారు మళ్ళీ ఆఫీసుకు వచ్చాడు. ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేదు. ఇక్కడికొచ్చి ఏం చేయాలో కూడా తోచలేదు. అలవాటు కొద్దీ కాళ్ళే మెట్లెక్కాయి.

ఆయన బడిపంతులు కాదు. రోడ్ల శాఖలో ముప్ఫయ్యేళ్ళుగా నంబర్లిచ్చే సెక్షన్లో పనిచేస్తున్నాడు. హైవే నుంచి ఎక్కడ కొత్తగా లింకు రోడ్డు పడినా దానికి పేరు పెట్టేది ఈయనే. పేరంటే అంకే. ముందు హైవే నంబరు, పక్కన ఒక గీత, గీత తర్వాత అది ఆ హైవే మీద మొదటి నుంచి ఎన్నో లింకో ఆ లెక్క. పన్నెండో హైవే మీద ఏడో లింకైతే పన్నెండు బై ఏడు. ఇంతే సంగతి. ఈ ఇంతే సంగతిని ఆయన చంటిబిడ్డకు పేరు వెతికినంత శ్రద్ధగా చేసేవాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని పేరడగమంటే రోల్ నంబరడిగాడనీ, అందుకే ఇలా ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలిపోయాడనీ ఆఫీసులో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ జోకు పుట్టించింది వాళ్ళక్కే. తమ్ముడికి క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, టైపిస్టు దగ్గర కూర్చుని చెప్పి, తనే ముందుగా పడీపడీ నవ్వింది. అమ్మ లేని పిల్లాణ్ణి పెంచింది కనక ఎంతైనా అనే హక్కు ఆమెకుండేది.

టైపిస్టు టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "తాగండి మాస్టారూ, చల్లారిపోతుంది."

తాగాడు. గ్లాసు ఖాళీ అయింది కాబట్టి తాగినట్టే.

పదకొండింటికి ఇంజనీరు మేడం పిలిచింది. వయసులో ఆయనకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న, ఈ ఆఫీసుకొచ్చి ఏడాది కాలేదు. "ఇంకో వారం ఇంట్లో ఉండాల్సింది మాస్టారూ."

"పర్లేదు మేడం."

"సరే, ఇది మీ సెక్షన్‌దే. అంబులెన్సు వాళ్ళు రాశారు. ఎవరో పెద్దావిడట, పాపం."

ఒక పేజీ ఉత్తరం. ఫలానా తేదీ పొద్దున తొమ్మిదీ పదికి ఫోను వచ్చింది. ఏడో లింకు రోడ్డు, నాలుగో కిలోమీటరు రాయి దగ్గర ఇల్లు అన్నారు. మా బండి అక్కడికి చేరింది. అక్కడ ఇల్లు లేదు, పొలం ఉంది. ఫోను చేసిన నంబరుకు మళ్ళీ చేస్తే ఎంగేజ్ వచ్చింది. తర్వాత తెలిసింది, ఏడో నంబరు బోర్డున్న లింకు రోడ్లు రెండున్నాయని. రెండో దానికి వెళ్ళేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది. అరవై రెండేళ్ళ మహిళ అప్పటికే చనిపోయారు.

ఆయన రెండుసార్లు చదివాడు. అక్షర దోషాలు దిద్దేవాడిలా, వేలు పెట్టి చదివాడు. తేదీ అదే. రాయి అదే. అరవై రెండు కూడా సరిగ్గానే వేశారు.

"ఎలా జరిగింది మాస్టారూ ఇలా? నంబర్లు వేరుగానే ఇచ్చారుగా?"

"కాగితం మీద వేరే మేడం. ఒకటి పన్నెండు బై ఏడు, ఒకటి ముప్ఫై బై ఏడు. బోర్డు మీద మాత్రం రెండూ ఏడే."

"ఎందుకలా?"

"చూసి చెప్తాను," అన్నాడు. చూడక్కర్లేదు, ఆయనకు తెలుసు.

ఆరేళ్ళ కిందట లింకు రోడ్ల బోర్డులు చిన్నవి వచ్చాయి. హైవే నంబరు, గీత, లింకు నంబరు అన్నీ పట్టించాలంటే అంకె జానెడు కూడా ఉండదు. వేగంగా వచ్చే బండివాడి కంటికి ఆనదు. పెద్ద అంకె కావాలి, దానికోసం హైవే నంబరు వదిలేయొచ్చని నోట్ రాసింది ఆయనే. బీరువా తీస్తే ఆ నోట్ ఉంది, గుండ్రటి తన చేతిరాతలో. దాని వెనకే ఇంకో కాగితం. రెండేళ్ళ కిందట పార్సిళ్ళు పంచే అమ్మాయి ఒకతె రాసింది. "అయ్యా, రెండు ఏడుల మధ్య తిరగలేక చస్తున్నాను. ఒక ఏడును మార్చండి." దాని మూల మీద ఆయన రాసిన ఒక్క వాక్యం: వచ్చే సర్వేలో పరిశీలించవచ్చు. ఆ సర్వే ఇంకా రాలేదు.

ఏడవాలేమో అనుకున్నాడు. ఏడుపు రాలేదు. చెయ్యి మీద పడుకుని లేచినప్పుడు చెయ్యి ఉంటుంది, మనది కానట్టుంటుంది. ఒళ్ళంతా అలా ఉంది.

మర్నాడు బోర్డుల మేస్త్రీతో కలిసి జీపులో వెళ్ళాడు. మేస్త్రీ నోరు ఊరుకోదు. దారిపొడవునా తన వియ్యంకుడి పిసినారితనం గురించి చెప్పాడు. ఎవరైనా చిరునామా అడిగితే నోరు అరుగుతుందని వేలు చూపించే రకమట. ఆయన "ఊఁ" అంటూ వచ్చాడు. ముప్ఫై బై ఏడు మీద నాలుగో కిలోమీటరు రాయి దగ్గర ఆపమన్నాడు. ఉత్తరంలో రాసినట్టే పొలం. దున్ని వదిలేశారు. రోడ్డంచున మెత్తటి మట్టిలో ఒక బండి వెనక్కి తిప్పుకున్న చక్రాల జాడ ఉంది. ఏ బండిదో చెప్పలేం. ఆయన కాసేపు దాన్నే చూశాడు.

"ఇక్కడేం కొలవాలి సార్?" అన్నాడు మేస్త్రీ.

"ఇక్కణ్ణుంచి ఆ ఏడుకెంతో."

ఇరవై ఆరు కిలోమీటర్లు వచ్చింది. పుస్తకంలో రాసుకున్నాడు. పన్నెండు బై ఏడు మీద, అక్క ఇంటికి అరకిలోమీటరు ముందే జీపు దిగిపోయి మేస్త్రీని వెళ్ళిపొమ్మన్నాడు.

మరమిల్లు పక్కనున్న ఇంటి వసారాలో బావ కూర్చుని ఉన్నాడు. రిటైరైన కరెంటు లైన్‌మన్, ఆరడుగుల మనిషి. తొమ్మిది రోజుల్లో భుజాలు కిందికి జారినట్టున్నాయి. "రారా," అని కుర్చీ జరిపాడు.

ఇలాంటి మాట ఎలా మొదలుపెట్టాలో ఆయనకు తెలియదు. అందుకే ఫైలు చదివినట్టు చెప్పేశాడు. "బావా, అంబులెన్సు వేరే ఏడుకు వెళ్ళింది. బోర్డు మీద హైవే నంబరు తీసేయమన్నది నేను. మార్చమని ఉత్తరం వస్తే పక్కన పెట్టింది కూడా నేనే."

మిల్లులో రంపం ఆగింది, మళ్ళీ మొదలైంది.

"వేరే ఏడుకెళ్ళిందని ఆ డ్రైవరు ఆరోజే చెప్పాడురా."

"మరి నాతో అనలేదేం?"

"ఏమనను? ఫోన్లో మరమిల్లు పక్కిల్లు అని ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది. ఈ చుట్టుపక్కల మరమిల్లు ఒకటే. నేను చెప్పలేదు. మీ అక్క నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది, ఎవరడిగినా ఏడో లింకు, నాలుగో రాయి అనాలని. మా తమ్ముడు పెట్టిన నంబరుండగా మిల్లు గొడవెందుకండీ అనేది. ఆరోజు కింద పడుంది. నా నోటికి అదే వచ్చింది." బావ అరచేతులు చూసుకున్నాడు. "పైగా వాళ్ళు మళ్ళీ చేస్తుంటే ఎంగేజ్. ఎందుకో తెలుసా? నేను వాళ్ళకే చేస్తున్నాను, ఇంకా రాలేదేమని."

ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. నీ తప్పు కాదంటే నీ తప్పు కాదని ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు బావ చివరికి.

"జరిగింది రాసిస్తాను."

"రాయి. నా ముక్క కూడా రాయి."

"నీది రాయక్కర్లేదు బావా. నీది ఫైలు కాదు."

మర్నాడు నోట్ రాశాడు. ఒక పేజీ. బోర్డు నిర్ణయం ఎవరిదో, ఏ తేదీన ఉత్తరం వచ్చిందో, దాని మూల మీద ఏం రాశాడో. చివర, చనిపోయిన మహిళ నా అక్క అని.

చదువుతూ మేడం అక్కడికి వచ్చి ఆగిపోయింది. "మాస్టారూ, నాకు తెలీదు. మొన్న ఎవరో పెద్దావిడ అనేశాను."

"పెద్దావిడే మేడం."

"ఈ ఉత్తరం ముక్క తీసేయండి. దాని సంగతి ఎవరూ అడగలేదు. మీకు రిటైర్మెంటు రెండేళ్ళుంది. కొరివితో తల గోక్కోవడం ఎందుకు?"

"ఉండనివ్వండి."

"బోర్డులెలాగూ మార్చేస్తాం కదా!"

"ఇది లేకపోతే రెండు బోర్డులే మారుస్తారు మేడం. ఇలాంటివి మొత్తం నలభై ఒకటున్నాయి."

ఆమె సంతకం పెట్టి పైకి పంపింది.

పైవాళ్ళు మూడు వారాలు తీసుకున్నారు. ఇద్దరు అధికారులు వచ్చి అడిగారు, ఆయన నోట్‌లో ఉన్నదే మళ్ళీ చెప్పాడు. ఆయన్ని నంబర్ల సెక్షన్ నుంచి తీసి పాత రికార్డుల గదికి వేశారు. నలభై ఒక్క బోర్డులూ మార్చమని ఆర్డరిచ్చారు. ఇకమీద బోర్డే పెద్దది చేయాలి తప్ప నంబరు కుదించకూడదన్నారు. టైపిస్టు కళ్ళు తుడుచుకుంటూ ఆయన స్కేళ్ళూ పెన్సిళ్ళూ అట్టపెట్టెలో సర్దింది. ఎలా బాధపడాలో తెలియక ఆయన పెట్టెకు తాడు కట్టడంలో సాయం చేశాడు.

అక్క ఇంటి రోడ్డు మొగలో కొత్త బోర్డు పాతుతుంటే సెలవు పెట్టి వెళ్ళాడు. మేస్త్రీ స్తంభాలు నిలబెట్టి, సిమెంటు పోసి, బోర్డు బిగించాడు. ఆరోజు మేస్త్రీ కూడా వియ్యంకుడి ఊసెత్తలేదు. దూరం నుంచి చూడమంటే ఆయన వంద అడుగులు వెనక్కి నడిచాడు. పన్నెండు, గీత, ఏడు. మూడూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"కుడివైపు కొంచెం దించు," అని చెయ్యి ఊపాడు.

పని ముగిసేలోపు బావ నడుచుకుంటూ వచ్చాడు. బోర్డుకేసి తలెత్తి చూశాడు. జేబులోంచి ఇంటి తాళం తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"నువ్వు పద. నేను గుడ్లూ బ్రెడ్డూ తీసుకొస్తాను. ఒక్కడికి వండుకోవడం చాతకావట్లేదురా. కొన్నాళ్ళు ఇక్కడే ఉండకూడదూ?"

"ఇక్కణ్ణుంచి ఆఫీసుకు బస్సుందా?"

"ఏడున్నరకుంది."

"అయితే ఉంటాను," అన్నాడు ఆయన. బావ కొట్టు వైపు తిరిగాడు. ఆయన తాళం పట్టుకుని లింకు రోడ్డు మీద ఇంటి వైపు నడిచాడు. గుండెలో ఇంకా ఏ చలనమూ లేదు. కిలోమీటరు రాళ్ళను మాత్రం ఆరోజు లెక్కపెట్టలేదు.