ఇసుక మీద కొమ్మ గీత

ఎస్తోనియా, లాత్వియా ఆ ఊరిని నడిమికి కోసి పంచుకున్నాయి. అవతల ఎస్తోనియా వాళ్ల వల్గా, ఇవతల లాత్వియా వాళ్ల వాల్కా. మధ్య గేటు లేదు, కాపలా లేదు. ఒక పిల్లకాలువ, దాని మీద వంతెన, అంతే. ఆ వంతెన దాటి ఇవతలికి వచ్చిన ప్రతిసారీ స్కూలు టీచరు సర్మీతె కుడిచేతి పెళ్లి ఉంగరం తీసి జేబులో వేసుకునేది. అవతల ఆమెకు ఎహా అనే ఆమెతో పెళ్లయింది. మార్చిలో, రిజిస్ట్రారు ఆఫీసులో, పూలగుత్తితో సహా. ఇవతలి చట్టానికి ఇద్దరు ఆడవాళ్ల పెళ్లి పెళ్లి కాదు. మహా అయితే నోటరీ దగ్గరికి వెళ్తే భాగస్వాములని ఒక కాగితం ఇస్తారు. పోనీ అవతలంతా బంగారమా అంటే అదీ లేదు. ఎహా పక్కింటాయన ఆ పెళ్లినాటి నుంచి పలకరింపు మానేశాడు. చట్టం ఒక్క రోజులో మారుతుంది గానీ మొహాలు మారతాయా?

సర్మీతె భయమంతా ఎనభై ఒక్కేళ్ల తల్లి వెల్తా గురించే. తెలిస్తే ముఖాన తలుపేస్తుంది. తండ్రి పోయాక సర్మీతెకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ ఒక్క తలుపే.

ఆగస్టులో సమాధుల పండుగ వచ్చింది. ఆ ఆదివారం చుట్టాలందరూ శ్మశానంలో కలుస్తారు, పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తాడు. ముందురోజే ఎవరి సమాధి చుట్టూ ఇసుకను వాళ్లు ఇనుప పళ్ల దంతెతో గీసి, అడుగుజాడ లేకుండా చేయాలి. అది కూలికిచ్చే పని కాదు. ఇస్తే పరువు పోయినట్టే. సరిగ్గా శుక్రవారమే సర్మీతె మెట్ల మీద జారి కుడి మణికట్టు బెణికించుకుంది. తల్లికి మోకాళ్ల నొప్పులు. "నేను గీసి వస్తాలే, ఎవరు చూస్తారు?" అంది ఎహా. శనివారం జనం లేని వేళ చూసి వెళ్లి, పని ముగించి వచ్చింది.

ఆదివారం వెల్తా భర్త సమాధి ముందు ఆగి కళ్లజోడు సర్దుకుంది.

"ఇదెవరు గీశారే?"

"నేనే అమ్మా."

"నువ్వా? మన ఇంట్లో కొమ్మ గీత కదే! అటో వాలు, ఇటో వాలు. మా అత్త నాకు నేర్పింది, నేను నీకు నేర్పాను. ఇదేంటి, చొక్కా చారల్లాగా ఈ నిలువు గీతలు?"

నలభై ఏళ్లుగా చేతికి అలవాటైపోయిన గీత కావడంతో, ఎహాకు చెప్పాలన్న సంగతే సర్మీతెకు తట్టలేదు.

పక్కనున్న పిన్ని ఔస్ట్రా కట్టు కట్టిన చేతిని చూసి మూతి విరిచింది. "ఆ చేత్తో గీసిందంటే నమ్మే పిచ్చిదాన్ని కాదక్కా. ఎవరికో డబ్బులిచ్చి చేయించి ఉంటుంది. టీచరమ్మకి ఇసుకంటితే ఎలా మరి!"

"కూలికి కాదు!" అంది సర్మీతె గట్టిగా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి జేబులోని ఉంగరం మీదికి పోయింది.

"మరెవరే?" వెల్తా కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న నెత్తి మీద పరాయి మనిషి చేత దంతె పెట్టించావా?"

అవునంటే బతికిపోతుంది. అమ్మ నాలుగు తిట్టి, ఏడాదికి మరిచిపోతుంది. కానీ ఆ మాట నోట్లోంచి రాలేదు. నిన్న సాయంత్రం అరచేతుల్లో బొబ్బలతో వచ్చి, "మీ నాన్నకి నా గురించి చెప్పేశాను" అని నవ్విన ఎహా కళ్లముందు కదిలింది.

"పరాయిది కాదమ్మా. ఎహా. అవతల పెళ్లి చేసుకున్నాం. నా భార్య."

శ్మశానం గంట మోగింది.

"నోరు ముయ్యి. పాస్టరు వస్తున్నాడు" అంది వెల్తా.

ప్రార్థనలో ఒక్క ముక్క సర్మీతె చెవికెక్కలేదు. ప్రతి ఏడూ అమ్మ తన మోచెయ్యి పట్టుకుని నిలబడేది. ఇవాళ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఎందుకు చెప్పాను, ఎందుకు చెప్పాను అని లోపల ఒకటే ఏడుపు.

జనం పలచబడ్డాక వెల్తా, చెట్టుకు ఆనించి ఉన్న దంతె వైపు చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు."

ముసలమ్మ ఆయాసపడుతూ భర్త సమాధి చుట్టూ కొమ్మ గీత గీయసాగింది. ఎహా గీతలు ఒక్కొక్కటే చెరిగిపోతుంటే, అయిపోయింది, ఇక నన్నూ ఇలాగే చెరిపేస్తుంది అనుకుంది సర్మీతె. ఆ పక్కన ఖాళీ చోటు వెల్తా తన కోసం ఉంచుకున్నది. అక్కడికొచ్చి ఆగిపోయింది. నిలువు గీతలు అక్కడ అలాగే ఉన్నాయి.

"నేనిక్కడికొచ్చాక ఇది ఎవరు గీస్తారే? నువ్వా, ఈ చేత్తో?"

సర్మీతె కట్టు కట్టిన చేతిని వెనక్కి దాచుకుంది.

"నాకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నావు. చచ్చేదాకా అంటూనే ఉంటా, తప్పించుకోలేవు. కానీ నా ఇంటి మనిషి నా నెత్తిన చొక్కా చారలు గీస్తే మాత్రం ఊరుకోను. ఎంత దూరంలో ఉంది?"

"నడిస్తే ఇరవై నిమిషాలు."

"రమ్మను. చెయ్యి పట్టుకుని చూపిస్తే గాని రాదు ఈ గీత."

"అక్కా, జనం చూస్తే..." అంది ఔస్ట్రా.

"నువ్వు ముందు నీ మొగుడి సమాధి మీద గడ్డి పీక్కో."

సర్మీతె జేబులో చెయ్యి పెడితే ఫోన్ కంటే ముందు ఉంగరం తగిలింది. బెణికిన చేతికే దాన్ని తొడుక్కుని, ఆ తర్వాత ఫోన్ చేసింది.