మూడో చీలిక దగ్గర తంగేడు

తిరువూరు నుంచి వాగు ఒడ్డు తాటితోపుకి రోడ్డు మీద బండేసుకుపోతే పావుగంట. డొంకలో నడిచిపోతే రెండు గంటలు. ఆదివారం పొద్దున్నే పావుగంట దారి మానేసి రెండు గంటల దారి పట్టేవాళ్ళని ఊళ్ళో జనం పిచ్చివాళ్ళంటారు. ఆ పిచ్చివాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళకి పెద్ద కిరీటి, బస్టాండు దగ్గర విత్తనాల కొట్టు నడుపుతాడు. తొమ్మిదిమందిలోనూ అందరికన్నా వెనక నడిచేది అతని భార్య వినీల.

వెనక నడవడం ఆమెకి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఆరేళ్ళ కిందట ఈ నడక మొదలుపెట్టింది మొగుడూ పెళ్ళాలిద్దరే. డొంక ఇరుకైన చోట భుజాలు రాసుకుంటూ పోయేవాళ్ళు. నిరుడు స్కూటీ మీద నుంచి పడి ఆమె మోకాలు చెడింది. "నువ్వు నిదానంగా రా వినీ, మనకేం తొందర" అన్నాడు కిరీటి. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ పుణ్యమా అని ఆమె ఆ గుంపుకి తోక అయింది.

బండి చక్రాలూ వాన నీళ్ళూ కలిసి ఏళ్ళ తరబడి కోసిన డొంక అది. మనిషి నిలువు లోతుకి దిగిపోయింది. అటూ ఇటూ ఎర్రమట్టి గట్లు, వాటి మీద ఈతపొదలూ బ్రహ్మజెముడూ, ఆ పైన పూత మీదున్న మామిడితోటలు. పది బారల ముందు పోయే మనిషి కూడా మలుపు తిరిగాడంటే కనపడడు. ఫోను సిగ్నలు సంగతి అడగనే అక్కర్లేదు. అందుకని దారి చీలిన చోట పాతకాలం బండ్లవాళ్ళ పద్ధతే పాటిస్తారు. ముందు నడిచేవాళ్ళు తాము పోయే దారి మొదట్లో తంగేడు రెమ్మ పెట్టి, దాని మీద రాయి ఉంచుతారు. వెనకవాళ్ళు దాన్ని చూసుకుని వస్తారు. అందరికన్నా చివర వచ్చిన మనిషి ఆ రెమ్మ తీసెయ్యాలి. తియ్యకపోతే రేపు ఇంకెవరో దాన్ని నమ్మి పోతారు. ఆ డొంకలో తంగేడు మొలవదు కాబట్టి కిరీటి ఊరి చివరే మూడు రెమ్మలు తుంచి సంచిలో వేసుకుంటాడు. మూడు చీలికలు, మూడు రెమ్మలు.

చివర మనిషి వినీల, తీసేదీ వినీలే. పారెయ్యడానికి మనసొప్పక జడలో తురుముకునేది. పక్కన నడవకపోతేనేం, నా దారిలో పూలు పెట్టి పోతున్నాడు కదా అని లోపల ఒక మురిపెం. తోపుకి చేరేసరికి జడలో మూడు పచ్చటి రెమ్మలూ ఉండేవి. "రథం వచ్చేసిందర్రా, ఇంక కల్లు పొయ్యండి" అని జగన్నాథరావు బాబాయ్ ఏడిపించేవాడు. ఆయన ఎవరికీ బాబాయ్ కాడు, ఊరందరికీ బాబాయే.

మేఘన వచ్చేదాకా అంతా బాగానే జరిగింది.

బ్యాంకులోకి విశాఖపట్నం నుంచి బదిలీ మీద వచ్చిన పిల్ల. ఇరవయ్యెనిమిదేళ్ళుంటాయి. మొదటి ఆదివారం మధ్యలో నడిచింది, రెండో ఆదివారానికే ముందుకెళ్ళి కిరీటి పక్కన చేరింది. "అన్నా ఈ చెట్టేంటి, అన్నా ఆ పిట్టేంటి" అంటూ ఊపిరాడనిచ్చేది కాదు. అన్నా అని పిలుస్తోంది కదా, ఇంకెందుకు బాధ అంటారేమో. కడుపు మండేవాళ్ళకి వరసలు కనపడవు. పైగా డొంకలో ఒక తంటా ఉంది. ముందువాళ్ళ మాటలు వెనక్కి రావు, నవ్వు మాత్రం గట్ల మధ్య నుంచి జారుకుంటూ వచ్చేస్తుంది. కిరీటి అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో వినీల లెక్కపెట్టుకునేది. ఇంట్లో అయితే కొట్టు కబుర్లూ పిల్లల ఫీజులూ తప్ప నోట్లోంచి ఇంకో ముక్క రాదు ఆ మనిషికి.

ఆ ఆదివారం మొదటి చీలిక దగ్గర వినీల ఆగిపోయింది. కిరీటి పెట్టేది ఒకే ఒక పలక రాయి. ఇక్కడ రెమ్మ చుట్టూ నాలుగు గులకరాళ్ళు ముగ్గులా పేర్చి ఉన్నాయి.

"మేఘన పెట్టిందమ్మాయ్" అన్నాడు అక్కడే నిలబడి మంచినీళ్ళు తాగుతున్న జగన్నాథరావు. "కిరీటి నేర్పాడు. భలే చురుకైన పిల్ల."

పుండు మీద కారం చల్లడం ఆయన ఉద్దేశం కాదు, అయినా సరిగ్గా అక్కడే చల్లాడు. వినీల రెమ్మ తీసింది. జడలో పెట్టుకుంది. రెండో చీలిక దగ్గరా అవే గులకరాళ్ళు. నా పూలు కూడా దానికిచ్చేశాడు అనుకుంది. పక్క చోటు పోయినప్పుడు ఏడవలేదు కానీ దీనికి మాత్రం ఏడ్చింది, నడుస్తూనే, ఎవరూ చూడరన్న ధైర్యంతో.

మలుపు తిరిగేసరికి ఎదురుగా గట్టుకి ఆనుకుని మేఘన కూర్చుని ఉంది. బూటు విప్పి పాదం చూసుకుంటోంది.

"తుమ్మముల్లక్కా. అడుగులోంచి దిగిపోయింది. అన్న ఆగుతానన్నాడు, నేనే వెళ్ళమన్నా. వెనక వినీల వస్తుంది, ఆమెతో కలిసి రా, దారి తనకి తెలుసు అన్నాడు."

వినీల చీరకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఆ మాత్రం మంచితనం ఇంకా మిగిలే ఉంది. ముల్లు సగం విరిగి లోపలే ఉండిపోయింది. అది వచ్చేలా లేదు.

"నా కాలు నిదానం కదా. నేను నడుస్తుంటా, నువ్వొచ్చి కలుసుకో" అంది.

"సరే అక్కా. రెమ్మ ఉంటుందిగా, చూసుకుని వచ్చేస్తా."

మూడో చీలిక దగ్గర కుడి చేతి దారి తాటితోపుకి పోతుంది. ఎడమది వాగు కోసిన గండిలోకి దిగి, విరిగిపడే ఒడ్డు దగ్గర ఆగిపోతుంది. కుడి దారి మొదట్లో తంగేడు రెమ్మ ఉంది, దాని మీద ఒకే ఒక పలక రాయి. కిరీటి చేతి పని. ఈ ఒక్కటీ నాది అనుకుంది వినీల. వంగింది. మోకాలు కలుక్కుమంది. ఎప్పుడూ తీసేది నేనేగా అని తనకి తాను చెప్పుకుంది. ఆ పూట చివర మనిషి తను కాదని ఆమెకి బాగా తెలుసు. తెలిసే తీసింది, జడలో పెట్టుకుంది, కుడి పక్కకి నడిచిపోయింది.

తోపులో కల్లు దించే పెద్దాయన అప్పుడే చెట్లకి కట్టిన లొట్లు దించి, తాటాకు దొప్పలు మడుస్తున్నాడు.

"మేఘనేది?" అన్నాడు కిరీటి.

"వస్తోంది, వెనకే."

పది నిమిషాలయింది. పావుగంటయింది. కిరీటి తాగని దొప్ప కింద పెట్టి, వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

కల్లు పొద్దున దించినప్పుడు తేనెలా ఉంటుంది, ఎండెక్కే కొద్దీ పులుస్తుంది. వినీల చేతిలోది తియ్యగా ఉన్నప్పుడు ఆమెకి భయం. ఆ పిల్ల గండిలో పడిందేమో, నీళ్ళలో జారిందేమో. నురగ లేచేసరికి భయం కాస్తా వేరే రూపం ఎత్తింది. ఆ గండిలో మనిషి అలికిడి ఉండదు. కిరీటి, ఆ పిల్ల, ఇద్దరే. గంటన్నర. ఎవరు పంపించారు? ఇంకెవరు, తనే. పొయ్యిలో ఉన్న కట్టెని తీసి తనే కొప్పులో పెట్టుకుంది.

ఎండ నెత్తి మీదికి వస్తుండగా వచ్చారు. మేఘనకి మోకాళ్ళ దాకా బురద, అరచేతులు రెండూ దోక్కుపోయాయి. కుంటుతూ కిరీటి భుజం పట్టుకుని ఉంది. ఆ భుజం మీది చెయ్యి చూసి, ఆ అరచేతుల్లో నెత్తురు చూసి, ఏది ముందు బాధపెట్టిందో వినీలకే తెలియలేదు.

"ఒడ్డు విరిగిపడిందక్కా. ఏదో వేరు దొరికింది కాబట్టి సరిపోయింది" అంది మేఘన కూర్చుంటూ. "మూడో చీలిక దగ్గర రెమ్మే లేదు. రెండు పక్కలా వెతికా. పెట్టడం మర్చిపోయావా అన్నా అంటే పెట్టానంటాడు."

కల్లు పెద్దాయన చెంబుతో నీళ్ళిచ్చాడు. వినీల వంగి ఆ పిల్ల చేతులు కడగబోయింది. జడ ముందుకి జారింది.

"ఈ పూలు మీకు భలే ఉన్నాయక్కా" అంది మేఘన.

కిరీటి చూశాడు. ఒకటి, రెండు, మూడు. చూపు మూడో దాని మీద ఆగిపోయింది. జగన్నాథరావు తన దొప్పలోకి తలవంచుకున్నాడు.

"మేక తినేసుంటుందిలే" అన్నాడు కిరీటి.

అందరి ముందూ తిట్టినా బాగుండేదనిపించింది వినీలకి. చెంప మీద కొట్టినా భరించేదేమో.

మేఘనని కల్లు పెద్దాయన కొడుకు మోటారు సైకిలెక్కించి రోడ్డు దారిన ఆసుపత్రికి తీసుకుపోయాడు. మిగిలినవాళ్ళు లేచారు. తిరుగు దారికి తంగేడు ఉండదు, గుర్తుకి తాటాకు ముక్కలు పెడతారు.

"బాబాయ్, ముందు మీరు నడవండి. నేను వెనక వస్తా" అని కిరీటి ఆకు ముక్కలు ఆయన చేతికిచ్చాడు.

ఏడాదిగా వినీల కోరుకున్నది అదే. మేఘన లేదు, మొగుడు పక్కనే ఉన్నాడు, అదే డొంక. ఇరుకైన చోట అతను ఆగి, భుజం తగలకుండా గట్టుకి ఒత్తుకుని నిలబడ్డాడు.

"నువ్వు ముందు నడు" అన్నాడు.

చీలిక వచ్చింది. రాయి కింద తాటాకు ఉంది. అలవాటు కొద్దీ వినీల వంగింది.

"వద్దు. నేను తీస్తా."

"నేను తీస్తానండీ. ఎప్పుడూ నేనేగా..."

వెనక ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు. అయినా అతను వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న డొంకకేసి కాసేపు చూశాడు. ఆ తర్వాతే వంగి, ఆకు తీశాడు.