మిద్దెల మీది దారి

ఎడారి నడుమనున్న గదామిస్‌లో పాత ఊరి జనాన్ని సర్కారు కొత్తగా కట్టిన సిమెంటు ఇళ్లలోకి మార్చాక మసూదా మాట తగ్గించేసింది. మొగుడు యూషా మొదట వడదెబ్బేమో అనుకుని మజ్జిగ పట్టించాడు. వడదెబ్బ కాదు, అక్క నఫీసాతో తగువు.

పాత ఊళ్లో అక్కాచెల్లెళ్ల ఇళ్ల మధ్య నాలుగే మిద్దెలు. కింద ఎండ సోకని చీకటి సందులు మగవాళ్లవి. పైన ఒకదానికొకటి అంటుకుని ఊరంతా పరుచుకున్న మిద్దెలు ఆడవాళ్లవి. వంటా వార్పూ, బేరసారాలూ, పురుళ్ల కబుర్లూ అన్నీ అక్కడే. వాళ్లు పైన ఉండగా మగవాడు మెట్లెక్కితే వాడి పరువు పోయినట్టే. ఆ మిద్దెల మీద ఏ కోపమూ పొద్దుగూకేదాకా నిలిచేది కాదు. మూతి ముడుచుకుని తిరగడానికి చోటుంటే కదా.

కొత్త ఊళ్లో ఇంటికీ ఇంటికీ మధ్య వీధులొచ్చాయి. ఇళ్లు పంచేటప్పుడు నఫీసా చెల్లెలితో ఒక్క మాటైనా అనకుండా ఊరి ఆ చివర, కొడుకు పక్కన ఇల్లు తీసుకుంది. "దానికి నేను అక్కర్లేదు," అంది మసూదా. ఇక వీధిన పడి వెళ్లి అక్క గడప తొక్కడమంటే ఓడిపోవడమే. అటు నఫీసాదీ అదే పంతం. చలికాలమంతా అలాగే గడిచింది. యూషా ఏం చెప్పినా మసూదా ఊఁ కొట్టేది. అతనికి భయం పట్టుకుంది. పోట్లాడని మసూదాతో కాపురం అతనికి అలవాటు లేదు.

ఒక సాయంత్రం ఊట దగ్గర యూషాకు తోడల్లుడు, నఫీసా మొగుడు హారూన్ కనిపించాడు. గుర్రం డెక్క తగిలి పుట్టిందని తాతలనాటి నుంచీ చెప్పుకునే ఊట అది.

"ఇంట్లో ఎలా ఉందన్నా?" అనడిగాడు యూషా.

"చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది. మీ వదిన కూర వండుతుంది గానీ మాట వండదు."

"ఇద్దర్నీ ఓ చోట కలుపుదామా?"

"నువ్వు కలుపు. నేను దూరం నుంచి చూస్తా."

"మనం కలపక్కర్లేదన్నా. మిద్దె ఎక్కిస్తే చాలు."

ఎండలు ముదిరాయి. చల్లదనం కోసం చాలామంది పగటిపూట పాత ఇళ్లకు వెళుతున్నారు. "ఈ కొలిమిలో నా వల్ల కాదే. పాతింటికి పోదాం పద," అన్నాడు యూషా. "నీకెప్పుడూ ఏదో ఒక నసే," అంటూనే మసూదా టీ గిన్నె సర్దింది. అటు హారూన్ కూడా నఫీసాకు అదే సాకు చెప్పాడు.

పాతింట్లో మసూదా గోడకున్న ఇత్తడి పళ్లేలన్నీ తుడిచి, వంటకని పైకెక్కింది. యూషా మెల్లగా సందులోకి జారుకున్నాడు. వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత కింద, రోమన్ల కాలం నాటి స్తంభం ముక్క మీద హారూన్ అప్పటికే కూర్చుని ఉన్నాడు.

"ఎక్కిందా?"

"ఎక్కింది. వదినో?"

"ఎప్పుడో."

పైన రెండు వైపుల నుంచీ అడుగులు దగ్గరయ్యాయి. కంతలోంచి కాస్త మట్టి రాలింది. అడుగులు ఆగిపోయాయి. మసూదా వెనక్కి తిరిగితే యూషా దగ్గర ఇంకో ఉపాయం లేదు.

"చిక్కిపోయావే," అంది నఫీసా.

"నీకెందుకు?"

"నేను చూడకపోతే ఎవరు చూస్తారే నిన్ను?"

"చూడాలనుంటే ఊరి ఆ చివరకి పోయేదానివా?"

"కోడలు కడుపుతో ఉంది, వాడు రమ్మన్నాడు. నీకు చెబితే ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను పోలేను. అందుకే చెప్పలేదు."

ముందు ఎవరు ఏడ్చారో కింద తెలియలేదు. హారూన్ యూషా చెయ్యి పట్టుకున్నాడు.

కాసేపటికి మసూదా ముక్కు చీదింది. "ఈయనతో వేగలేకపోతున్నానక్కా. గురక పెడితే గోడలదురుతాయి. ఖర్జూరాలు తిని గింజలు తలగడ కిందే పెడతాడు. కూరలో ఉప్పు లేకపోయినా నోరెత్తడు, మూగమొద్దులా తినేస్తాడు. ఎవరితో చెప్పుకోను?"

యూషాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. ఇన్నాళ్లూ మొగుడి మీద చాడీలు చెప్పుకోవడానికైనా ఆమెకు మనిషి లేదు. పాపం అనిపించింది, కళ్లు తడిశాయి.

హారూన్ సిగ్గుపడి లేచాడు. "పద తమ్ముడూ. ఇవి మనం వినకూడదు."

"కూర్చో అన్నా," అన్నాడు యూషా మొహం తుడుచుకుంటూ. "నా మీద ఇంకా బోలెడున్నాయి. అన్నీ చెప్పనీ."